ప్రళయకావేరి ఒడ్డు పాఠాలు – 3: వల కన్ను కొలవడం

ప్రళయకావేరి, అంటే పులికాట్ సరస్సు ఒడ్డున జాలర్లతో పిల్లచేపల గురించి మాట్లాడబోయేవాళ్ల కోసం ఈ పాఠాలు. పోయినసారి ఇచ్చిన పని చేశారా? సరస్సు ఒడ్డున ఉన్న భీములవారిపాళెం రేవుకో, మీకు దగ్గరలో ఉన్న ఇంకో రేవుకో వెళ్లి, పడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఒక గంట ఊరికే కూర్చోమన్నాను. సలహాలేమీ ఇవ్వొద్దన్నాను. చెయ్యకపోతే ఈ పాఠం పక్కనపెట్టి ముందు అది చెయ్యండి. ఇవాళ వల చేతిలోకి తీసుకోవాలి. ముఖం తెలియని మనిషి చేతికి ఎవరూ వల ఇవ్వరు.

వల కన్ను, అంటే ముడుల మధ్య ఉండే ఖాళీ, కొలవడం చూడ్డానికి చిన్న పనే గానీ, నా పరువు పోయింది ఇక్కడే. మొదట్లో ఒక పాళెంలో నిలబడి "60 ఎం.ఎం. కన్నుకి తగ్గితే పిల్లచేపలు పడతాయి" అని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఒక పెద్దాయన "నాది 30, అబ్బయ్యా. ఏం చేస్తావు?" అన్నాడు. చిన్న కన్ను, తప్పు అని పావుగంట వాదించాను. తీరా స్కేలు పెట్టి చూస్తే ఇద్దరం చెప్పేది ఒకటే. ఆయన ఒక ముడి నుంచి పక్క ముడికి కొలిచాడు. నేను కన్నుని బాగా సాగదీసి, ఎదురెదురు ముడుల మధ్య దూరం చెప్తున్నాను. పక్కముడి కొలత 30 అయితే సాగదీసిన కొలత 60. ఆ రోజు ఇక నా మాట ఎవరూ వినలేదు, వినక్కర్లేదు కూడా.

కాబట్టి ఎవరైనా అంకె చెప్పగానే "పక్కముడికా, సాగదీసా?" అని అడగండి. పుస్తకంలో ఎప్పుడూ సాగదీసిన కొలతే రాసుకోండి.

ఇక కొలిచే పద్ధతి. వల వాడుకలో ఉన్నదై, తడిగా ఉండాలి. కొట్టు నుంచి తెచ్చిన కొత్త వల కొలత నాలుగు వాడకాల తర్వాత మారొచ్చు. ఒక్క కన్ను కొలిస్తే స్కేలు అటూ ఇటూ జరిగి తప్పొస్తుంది. అందుకని వరసగా పది కళ్లు పట్టుకుని, దారం తెగేలా కాకుండా బిగుతుగా లాగి, మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా కొలిచి పదితో భాగించండి. మూడు చోట్ల ఇలా చెయ్యండి. సంచిలా ఉండే వలైతే తోక దగ్గర కొలవాలి. మూతి దగ్గర కళ్లు పెద్దగా ఉన్నాయని సంతోషపడితే మోసపోతాం, చేప ఆగేది తోకలోనే.

ఇప్పుడు ఒక దారం తీసుకోండి. చేప తల దూరి మొప్పల దగ్గర ఇరుక్కునే రకం వలలో, సాగదీసిన కన్ను 60 అయితే దాని చుట్టుకొలత 120 ఎం.ఎం. తల దగ్గర అంతకన్నా సన్నగా, నడుం దగ్గర అంతకన్నా లావుగా ఉన్న చేప ఇరుక్కుంటుంది. సన్నటిది జారిపోతుంది. వలలో పడ్డ చేప నడుం చుట్టూ దారం తిప్పి చూడండి, లెక్క కళ్లముందే తేలుతుంది.

నా అనుభవంలో జనం నిజంగా చెవి పెట్టేది ఈ తర్వాతి మాటకే. ఒకే రకం చేపలో పొడవు సగమైతే బరువు సగం అవదు, సుమారు ఎనిమిదో వంతు అవుతుంది. 800 గ్రాముల చేప పొడవులో సగం ఉన్న పిల్ల దాదాపు 100 గ్రాములు తూగుతుంది. ఒక కేజీ కోసం ఎన్ని పిల్లల్ని పట్టాలో వాళ్లనే లెక్కెయ్యమనండి. మీరు వెయ్యకండి.

రొయ్య సంగతి వేరు. తెల్ల రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు సముద్రం సరస్సుతో కలిసే ముఖద్వారం గుండా లోపలికి వచ్చి పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి. అందుకే ముఖద్వారం దగ్గర దోమతెరలాంటి వల కడితే నష్టం ఎక్కువ. అయితే ఆ మాట మొదటి రోజే ఎత్తకండి. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోతే లోపలికొచ్చే పిల్లలే తగ్గుతాయి. దానికి వల వేసేవాడిని తప్పుపట్టి ఏం లాభం? చేత్తో తడిమి రొయ్యలు పట్టుకునే యానాదుల దగ్గరికి వెళ్లి వల కన్ను గురించి చెప్పడం ఇంకా తెలివితక్కువ. సముద్రంలో మోటారు పడవలకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం గురించి రెండో పాఠంలో చెప్పుకున్నాం, మళ్లీ చెప్పను.

ఈ వారం పని: మూడు వలలు కొలవండి. వల ఎవరిదో పేరు రాయొద్దు. ఏ రకం వల, ఎక్కడ వేస్తారు, కన్ను ఎంత, ఆ రోజు పడ్డవాటిలో అన్నిటికన్నా చిన్నది ఎంత పొడవు అనేవి నాలుగు గడుల్లో రాయండి. కొలిచేటప్పుడు స్కేలు మీరు పట్టుకోకండి, వల ఆసామికే ఇవ్వండి. అంకె ఆయనే చదివి చెప్పాలి. ఆ పుస్తకంతో పాళెం పెద్దలైన పెద్దకాపుల దగ్గర ఎలా కూర్చోవాలో నాలుగో పాఠంలో చూద్దాం.