కౌంట్ పడిపోయిందా? ముందు సూదుల సంగతి అడగండి

సమస్య: వీర్య పరీక్షలో శుక్రకణాల కౌంట్ బాగా తక్కువ, లేదా సున్నా. మనిషి మాత్రం దుక్కలా ఉంటాడు, రక్తంలో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ కూడా బాగానే ఉంటుంది. ఇంకేం, "హార్మోన్లన్నీ నార్మలే" అని తేల్చేసుకుని, రాయగడలో రైలెక్కి ఐవీఎఫ్ కోసం విశాఖ వెళ్లిపోతారు. అంతకుముందు పరీక్షలన్నీ భార్యకే చేయించి ఉంటారు, అది వేరే సంగతి.

శాంపిల్ ఇచ్చే పద్ధతి తెలుసనే అనుకుంటున్నాను: అంతకుముందు 2 నుంచి 7 రోజులు వీర్యం పోకుండా ఎడం, గంటలోపు ల్యాబ్‌కి. మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కన్నా తక్కువ వస్తే ఇంకోసారి చేయించండి, ఒక్క రిపోర్టుతో కంగారు పడొద్దు. ఈ మూడు నెలల్లో మలేరియా గానీ, మరే పెద్ద జ్వరం గానీ వచ్చిందా? శుక్రకణం తయారై బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది కాబట్టి పోయిన నెల జ్వరం ఈ నెల రిపోర్టులో తేలుతుంది. మూడు నెలలు ఆగి మళ్లీ చూడండి. మలేరియా తిరిగే మన్యం పక్కనే ఉండి ఈ ప్రశ్న అడగనివాళ్లను చూస్తే విసుగొస్తుంది.

జ్వరం లేకపోతే నా మొదటి అనుమానం బయటి నుంచి ఎక్కిన టెస్టోస్టెరాన్.

"మందులేమైనా వాడుతున్నావా బాబూ?" అంటే "ఏటీ లేదండి" అంటారు. అది అబద్ధం కాదు, జిమ్‌లో వేయించుకున్న సూది వాళ్ల లెక్కలో మందు కాదు. అందుకని భార్యనీ, అమ్మనీ కాసేపు బయట కూర్చోమని, "కండ కోసం గానీ నీరసానికి గానీ సూదులేమైనా వేయించుకున్నావా?" అని సూటిగా అడగాలి. "ఓ, అదా? జిమ్‌లో అన్న వేసాడండి, బలానికి." సీసా తెమ్మనండి. దాని మీద టెస్టోస్టెరాన్ ఎనాంథేట్, సిపియోనేట్, నాండ్రోలోన్ లాంటి పేరుంటే దొంగ దొరికినట్టే.

బలానికి వేసిన సూది కౌంట్‌ని ఎలా చంపుతుందంటే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లు పంపుతుంది. ఎల్‌హెచ్ వల్ల వృషణాల లోపల టెస్టోస్టెరాన్ తయారవుతుంది, అక్కడ దాని మోతాదు రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ టెస్టోస్టెరాన్, ఎఫ్‌ఎస్‌హెచ్ కలిసి సెర్టోలి కణాలను నడిపిస్తాయి, ఎదిగే శుక్రకణాలను సాకేవి అవే. రక్తంలోకి సూది ఎక్కగానే, గోదాం నిండితే మిల్లుకి ఆర్డర్లు ఆపేసినట్టు, పిట్యూటరీ ఆ రెండింటినీ ఆపేస్తుంది. రక్తంలో హార్మోన్ నిండుగా, వృషణంలో కరువు. బతకమనే సంకేతం అందక సగం ఎదిగిన కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. దీన్నే అపోప్టోసిస్ అంటారు. వారానికి 200 మిల్లీగ్రాముల ఎనాంథేట్‌ని మగవాళ్ల గర్భనిరోధకంగా పరీక్షించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఫలితాలు ప్రచురించింది. ఎక్కువమందిలో కౌంట్ సున్నాకి పడిపోయింది.

అందుకే టెస్టోస్టెరాన్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ అడుగంటి ఉంటే సూదిని అనుమానించండి. ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువుంటే లోపం వృషణంలోనే, అది వేరే దారి.

పరిష్కారం: సూది ఆపడం. కౌంట్ పెంచడానికని ఎవరైనా ఇంకో టెస్టోస్టెరాన్ రాసిస్తే ఆ చీటీ పక్కన పెట్టేయండి. ఆపాక కొన్ని నెలలు నీరసం, కోరిక తగ్గడం ఉంటాయి, "మగతనం పోయింది" అని టెన్షన్ పడి మళ్లీ సూదికి వెళ్లేది ఇక్కడే. అలాంటి గర్భనిరోధక పరీక్షల్లో పాల్గొన్న ఆరోగ్యవంతుల్లో సుమారు మూడింట రెండొంతుల మందికి ఆరు నెలల్లో, పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాదిలో కౌంట్ తిరిగొచ్చింది. ఏళ్ల తరబడి వాడినవాళ్లకి ఇంకా ఆలస్యం కావచ్చు. అప్పుడు డాక్టర్లు ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ ఇస్తారు, అవసరమైతే ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా. సొంతంగా కొనుక్కోవద్దు.

మిగతావి: వేరికోసీల్, అంటే వృషణాల పైన సిరల ఉబ్బు, ఉందేమో నిలబెట్టి చూస్తారు. వేడికి కూడా కౌంట్ తగ్గొచ్చు, ఫర్నేస్ దగ్గర డ్యూటీ అయితే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. ప్రోలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువవడం, పిట్యూటరీ గడ్డలు, క్రోమోజోమ్ లోపాలు తక్కువమందిలో ఉంటాయి, వాటిని ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, చూసుకుంటారు.

సూది ఆపాక ప్రతి నెలా పరీక్షకి పరిగెత్తకండి, డబ్బు దండగ. మూడు నెలలకోసారి చాలు, కౌంట్‌తో పాటు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా చేయించండి. మామూలుగా ముందు కదిలేవి అవే.