టైటానియం వెల్డింగ్ - మూడవ పాఠం: చల్లారేదాకా ఆర్గాన్ కప్పు

గత రెండు పాఠాలలో టిగ్ (టంగ్‌స్టన్ కొన నుంచి లేచే విద్యుత్ ఆర్క్‌తో లోహాన్ని కరిగించే) యంత్రంలో టార్చ్‌ను ఋణధ్రువానికి కలపడం, ముక్కల అంచులను అసిటోన్‌తో తుడిచి, టైటానియానికి మాత్రమే కేటాయించిన స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్షుతో రుద్దడం నేర్చుకున్నాం. ఈ పాఠమంతా ఒక్క పని గురించే: వేడిగా ఉన్నంతసేపు, లోహంతో చర్య జరపని ఆర్గాన్ వాయువుతో కప్పి, వెల్డుకు గాలి తగలనివ్వకపోవడం.

ఇనుప పనిలో చేయి తిరిగినవారు కూడా పొరపడేది ఇక్కడే. మైల్డ్ స్టీలులో ఆర్క్ ఆపి టార్చ్ ఎత్తేస్తే పెద్ద నష్టం ఉండదు. టైటానియం 1668 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. గడ్డకట్టి, ఎర్రదనం పూర్తిగా పోయిన తరువాత కూడా, సుమారు 400 డిగ్రీల కిందికి దిగేవరకు గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకుంటూనే ఉంటుంది. ఆ పరమాణువులు లోహపు పరమాణువుల సందుల్లో ఇరుక్కుని దానిని గట్టిపరుస్తాయి, కానీ సాగే గుణాన్ని హరిస్తాయి. చల్లారుతూ కుంచించుకుపోయే వెల్డు, సాగలేని చోట పగులుతుంది. చెమ్మ నుంచి, నూనె మరక నుంచి, చివరికి వేలిముద్ర నుంచి కూడా చేరే హైడ్రోజన్ మరింత మోసకారి. అది టైటానియంతో కలిసి పెళుసైన హైడ్రైడ్‌గా మారి, బాగుందనుకున్న వెల్డును కొన్ని రోజుల తరువాత చీల్చగలదు.

అందువల్ల కనీసం 99.995 శాతం స్వచ్ఛత గల ఆర్గాన్‌ను మూడు చోట్ల అందించాలి. మొదటిది టార్చ్ కొసన ఉండే నాజిల్. గ్యాస్ లెన్స్ (ఆర్గాన్ నిలకడగా పారేలా చేసే జల్లెడ) అమర్చిన వెడల్పు నాజిల్ వాడండి. రెండవది టార్చ్ వెనకాలే బీడ్ (గడ్డకట్టిన వెల్డు వరస) మీదుగా జరిగే తొడుగు. దీనిని పలుచని స్టెయిన్‌లెస్ రేకుతో పెట్టెలా మడిచి మీరే చేసుకోవచ్చు. లోపల సన్నని స్టీలు జల్లెడ పెడితే గ్యాస్ ఒకే చోట చిమ్మకుండా నెమ్మదిగా పరచుకుంటుంది. మూడవది అడుగు వైపు. గొట్టాలను వెల్డు చేసేటప్పుడు, ఆర్గాన్ గాలికంటే బరువైనది కనుక, దానిని కింద నుంచి నింపి గాలిని పై నుంచి పోనివ్వాలి. ఆర్గాన్ నింపిన ట్యాంకులోకి ఎట్టి పరిస్థితిలోనూ తల పెట్టకండి. అక్కడ ఊపిరికి ఆక్సిజన్ ఉండదు, వాసన లేని ఆ వాయువు ముందుగా హెచ్చరించదు.

గ్యాస్ ఎక్కువ వదిలితే రక్షణ పెరుగుతుందనుకోవడం సరికాదు. వేగం మితిమీరితే సుడులు లేచి, చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాగుతాయి. ఆర్గాన్ తెచ్చే రబ్బరు గొట్టాలు చెమ్మను పట్టుకుంటాయి కనుక ప్లాస్టిక్ గొట్టాలు మేలు. ఫిల్లర్ కడ్డీ (అతుకులో కరిగించి నింపే లోహపు కడ్డీ) వేడి కొన ఆర్గాన్ కప్పు కిందనే ఉండాలి. అది బయటికి వచ్చి రంగు మారితే, ఆ కొనను కత్తిరించిన తరువాతే మళ్ళీ కరిగిన లోహంలో ముంచాలి.

చల్లారిన బీడ్‌ను ఇప్పుడు చూడండి. వెండిలా మెరిస్తే మంచిది. లేత గడ్డిరంగు సాధారణంగా అంగీకరిస్తారు. నీలం కనిపిస్తే ఆర్గాన్ కప్పు చాలలేదని అర్థం. బూడిదరంగు, తెల్లని పొడి కనిపించిన వెల్డును కోసి తీసివేయవలసిందే. నేను నేర్చుకునే రోజుల్లో ఒక నీలి బీడ్‌ను వెండిలా మెరిసేదాకా బ్రష్షుతో రుద్ది, దాని మీదే రెండవ వరస పోశాను. వంచినప్పుడు ఆ ముక్క రెండుగా విరిగింది. రంగు పోయినా, లోపలికి చేరిన ఆక్సిజన్ పోదు. పైగా రంగు ముఖ్యంగా చల్లారేటప్పటి రక్షణనే చెబుతుంది. కరిగి ఉన్నప్పుడు ఆర్గాన్ కప్పు కింద గాలి దూరిందా అన్నది దానినిబట్టి మాత్రమే తేల్చలేం. వంచి చూడడమే నమ్మదగిన పరీక్ష.

ఈ వారం అభ్యాసానికి గ్రేడ్-2 (ఇతర లోహాలు కలపని) టైటానియం రేకు ముక్కలు మూడు తీసుకోండి. మొదటిదానికి మూడు వైపులా ఆర్గాన్ ఇవ్వండి, రెండవదానికి వెనక తొడుగు తీసివేయండి, మూడవదానికి ఆర్క్ ఆగగానే టార్చ్ ఎత్తేయండి. మూడింటి రంగులూ రాసుకొని, రక్షణ కళ్ళద్దాలు పెట్టుకొని, వైస్‌లో బిగించి ఒకే గుండ్రని కడ్డీ చుట్టూ వంచండి. వెల్డు చేయని నాల్గవ ముక్కను కూడా అలాగే వంచి, పోల్చండి. విరిగిన ముక్కలను పారేయకండి. తరువాతి పాఠంలో ఆ విరుపు ముఖాలను భూతద్దంతో చదువుదాం.