బూస్ట్రొఫీడన్: గుంటుక తోలినట్టు సాగే రాతను రాయడం, చదవడం ఎలా?

పత్తి చేన్లో గుంటుక తోలేటప్పుడు ఎడ్లు ఒక సాలు వెంట ఆ గెట్టు దాకా పోతాయి. అక్కడ మళ్లి, పక్క సాలులో ఇటు వస్తాయి. మళ్లీ మొదటి గెట్టుకు వచ్చి రెండో సాలు మొదలుపెట్టవు. ఇదే పద్ధతిలో ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకు సాగే రాతకు ఇంగ్లిష్‌లో పేరు బూస్ట్రొఫీడన్. గ్రీకులో 'బూస్' అంటే ఎద్దు, 'స్త్రొఫే' అంటే మలుపు, చివరి 'డన్' అంటే 'ఆ తీరుగా'. ఎడ్లు మళ్లే తీరుగా అన్నమాట. వరంగల్ పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ మాటను విడమరిచి చెప్పాల్సిన పనే లేదు. కొండ్ర వేసి చుట్టూ తిరుగుతూ దున్నడంతో మాత్రం దీన్ని పోల్చొద్దు.

మాటను వాడటం

స్పెల్లింగ్ 13 అక్షరాలు: బి, ఓ, యు, ఎస్, టి, ఆర్, ఓ, పి, హెచ్, ఇ, డి, ఓ, ఎన్. పలికేటప్పుడు 'ఫీ' మీద ఒత్తు పడాలి. ఇది నామవాచకంగా, విశేషణంగా, క్రియావిశేషణంగా కూడా నడుస్తుంది. 'ఎ బూస్ట్రొఫీడన్ ఇన్‌స్క్రిప్షన్' అనొచ్చు, 'రిటెన్ బూస్ట్రొఫీడన్' అని కూడా అనొచ్చు.

ఎక్కడ వాడకూడదో తెలియడం ఇంకా ముఖ్యం. హన్మకొండ దుకాణాల బోర్డుల మీద కనిపించే ఉర్దూ బూస్ట్రొఫీడన్ కాదు, ఎందుకంటే దాని వరుసలన్నీ కుడి నుంచే మొదలవుతాయి. అంబులెన్స్ ముందు తిరగేసి రాసిన పేరు కూడా కాదు. అది అద్దం రాత, అందులో మలుపు లేదు. వరుస వరుసకూ దిశ మారితేనే ఈ పేరు చెల్లుతుంది.

తెలుగులో రాసి చూడండి

కావలసినవి: పలుచని తెల్ల కాగితం, స్కేలు, పెన్సిలు, ముదురు స్కెచ్ పెన్ను.

1. కాగితానికి రెండు వైపులా ఒకే ఎత్తులో 2 సెంటీమీటర్ల ఎడంతో గీతలు గీయండి. తెలుగుకు ఈ ఎడం కావాలి. తగ్గిస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

2. రెండు వరుసలకూ సమానంగా అక్షరాలు వచ్చే వాక్యం తీసుకోండి. ఉదాహరణకు 'పత్తి గింజలు పెట్టేది / గుంతకు రెండు చొప్పున'. వరుసకు 8 అక్షరాలు. లెక్క కుదరకపోతే మలుపు దగ్గర ఖాళీ మిగిలి, చదివేవారి కన్ను దారి తప్పుతుంది.

3. మొదటి వరుస మామూలుగా రాయండి.

4. రెండో వరుసే అసలు పని. కాగితాన్ని పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పి, వెనుక వైపు రెండో గీత మీద ఎడమ అంచు నుంచి స్కెచ్ పెన్నుతో మామూలుగా రాయండి. మళ్లీ ముందు వైపుకు తిప్పి, కిటికీ అద్దానికి ఆనించి, కనిపించే నీడ మీద పెన్సిలుతో దిద్దండి. వెనుక ఎడమ అంచు ముందు వైపు కుడి అంచు అవుతుంది కాబట్టి వరుస సరిగ్గా మలుపు దగ్గరే మొదలవుతుంది.

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. చాలామంది అక్షరాల వరుసను తిప్పి, అక్షరాలను తిప్పరు. అప్పుడు రెండో వరుస 'నప్పుచొ డురెం కుతగుం' అవుతుంది. పాత గ్రీకు రాతల్లో అక్షరం కూడా అద్దంలోలా తిరుగుతుంది. ఈ వరుసలో 'త', 'న' తలకట్టుల పొడవు గీత ఎడమకు వాలాలి. 'డు', 'కు'ల కొమ్ము ఎడమ పక్కకు రావాలి, 'ప్పు'లోని పవత్తు కూడా అంతే. చదివేవారికి దిశ చెప్పేవి ఈ గుర్తులే, అందుకే తలకట్టు మీద శ్రద్ధ పెట్టండి. సున్న మాత్రం ఎటు తిప్పినా సున్నే.

కంప్యూటర్‌లో చేసేవాళ్లు అక్షరాలను తిరగేసే టూల్స్ వాడొద్దు. 'ప్పు' లోపల ప, పొల్లు, ప, కొమ్ము అని నాలుగు ముక్కలుంటాయి. టూల్ వాటిని విడదీసి తిప్పితే కొమ్ము ముందుకొచ్చి చెదిరిపోతుంది. వరుసను బొమ్మగా మార్చి అడ్డంగా ఫ్లిప్ చేయండి.

5. రెండో వరుస ముందు అద్దం పెట్టండి. అద్దంలో తడబడకుండా చదవగలిగితే సరిగ్గా వచ్చినట్టే.

శాసనం ముందు నిలబడితే

ముందుగా దిశ చెప్పే అక్షరం వెతకాలి. గ్రీకులో 'ఇ', 'కె' ఆకారపు అక్షరాల చేతులు ఎటు చాచితే రాత అటు సాగుతుంది. 'ఓ', 'టి' రెండు వైపులా ఒకేలా ఉంటాయి కాబట్టి వాటితో తేలదు. క్రీట్ దీవిలోని గోర్టిన్ న్యాయశాసనం దీనికి గొప్ప ఉదాహరణ. క్రీ.పూ. 5వ శతాబ్దానిది, 600కు పైగా వరుసలు, అన్నీ ఇలా మళ్లేవే. ఈస్టర్ దీవి రొంగొరొంగొ పలకల్లో వేరే తీరు. అక్కడ అక్షరం అద్దంలోలా కాక తలకిందులవుతుంది, ప్రతి వరుసకూ పలకను తిప్పి పట్టుకోవాలి. దాన్ని రివర్స్ బూస్ట్రొఫీడన్ అంటారు.

మన ఓరుగల్లులో వేయిస్తంభాల గుడి శాసనం (1163) వరుసలు ఎడమ నుంచి కుడికే నడుస్తాయి. మలుపు రాత చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడికి పోవాలి. అక్కడ అశోకుడి బ్రాహ్మీ శాసనంలో కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు ఉన్నాయి. ఆ క్రమం చివరిదాకా నిలవదు, కాబట్టి ఒక్కో వరుస దిశను విడిగా తేల్చుకుంటూ చదవాలి.