కారు ముఖం కాపాడుకుందాం, 3వ పాఠం: పెచ్చు లేచిన చోట తుప్పు పట్టక ముందే

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? కారు కడిగి నీడలో పెట్టి, బానెట్ ముందంచు వెంబడి ఫోన్ టార్చి పక్కవాటుగా వేసి, పెయింటు పెచ్చులు లేచిన చుక్కలన్నీ లెక్కపెట్టమన్నాను. నా బండికి పదిహేడు తేలాయి. మీకు ఒక్కటీ కనపడలేదంటే బండి షోరూమ్ నుంచి నిన్ననే వచ్చుండాలి, లేదంటే కళ్లజోడు మార్చుకునే టైమొచ్చుండాలి.

పూతలపట్టు నుంచి తిరుపతి దాకా ఒక్కసారి టిప్పర్ వెనకే వచ్చి చూడండి, ఈ చుక్కలు ఎక్కడివో అర్థమవుతుంది. చిత్తూరు వైపు గ్రానైటుకీ కంకరకీ కొదవ లేదు, టిప్పర్ వెనక జంట టైర్ల సందులో ఇరుక్కున్న రాయి విసురుగా ఎగిరి పడుతుంది, దాని మీదకి మనమే ఎనభైలో పోయి గుద్దుకుంటాం. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలు. అందుకే అలిపిరి దాటి కొండెక్కేటప్పుడు ఈ భయం పెద్దగా ఉండదు, హైవే మీదే ఉంటుంది. టిప్పర్ కనపడితే దూరం వదలండి లేదా దాటి వెళ్లిపోండి, దాని తోకకి అతుక్కుని మాత్రం పోవద్దు.

ఇక ఈ రోజు పాఠం. ప్రతి చుక్కా ఒకటి కాదు, ముందు దాని లోతు చదవడం రావాలి. కంపెనీ పెయింటు మొత్తం మందం మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త అటూ ఇటూ, అందులోనే ప్రైమరు (ఇనుము మీద వేసే అడుగు పూత), రంగు, పైన క్లియర్ కోటు (రంగు లేని మెరుపు పొర) అన్నీ సర్దుకుని ఉంటాయి. చుక్క మీద తడి వేలు పెట్టండి. తడి ఉన్నంతసేపూ గుర్తు మాయమైతే అది క్లియర్ కోటు గీత, దాన్ని వదిలేయొచ్చు. బూడిద రంగు కనపడితే ప్రైమరు దాకా పోయింది, తొందర లేదు గానీ వానలొచ్చే లోపల చేసుకోవాలి. ఇనుము తళుక్కుమంటే ఈ ఆదివారమే. గోధుమ రంగు కనపడితే ఆల్రెడీ ఆలస్యమైంది.

బంపరు ప్లాస్టిక్, దానికి తుప్పు టెన్షన్ అక్కర్లేదు. కొన్ని కార్లకి బానెట్ అల్యూమినియంది ఉంటుంది. ఫ్రిజ్ మీద అంటించిన శ్రీవారి మాగ్నెట్ తీసుకొచ్చి, మధ్యలో పలచటి గుడ్డ పెట్టి ఆనించి చూడండి. అంటుకుంటే ఇనుమే, ఈ పాఠం మీకే.

నా సొంత కథ ఒకటి చెప్పాలి. వినాయక చవితప్పుడు పడిన చుక్కని చూసి కూడా తర్వాత చూద్దాంలే అనుకున్నాను. కార్తీకంలో ముసురు పట్టింది, మన వైపు అసలు వానలు అప్పుడే కదా. వానలు తగ్గాక చూస్తే చుక్క చుట్టూ పెయింటు బొబ్బలా ఉబ్బింది. రేణిగుంట రోడ్డులో టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్తే పెయింటరు బ్లేడు మొనతో మెల్లగా గీకాడు. పైన ఆవగింజంత పెచ్చు, కింద పావలా బిళ్లంత తుప్పు. "పైన చూసి మోసపోతారు సామీ, ఇది పెయింటు కిందనే పాకతాది" అన్నాడు. చివరికి బానెట్ మొత్తం రంగు వేయించాల్సి వచ్చింది.

సరే, చేతి పని. పొద్దున్నే నీడలో మొదలుపెట్టండి. బానెట్ చెయ్యి కాలేంత వేడి మీదున్నా, ముసురు రోజైనా రంగు సరిగా కూర్చోదు. షాంపూతో కడిగి, ఆరాక, వ్యాక్సూ జిడ్డూ పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చుక్క మీద తుడవండి. థిన్నర్ వద్దు, చుట్టూ ఉన్న పెయింటు కూడా మసకబారుతుంది. సూది మొనతో, ఊడటానికి సిద్ధంగా ఉన్న అంచు పెచ్చుల్ని లేపేయండి. తర్వాత అసలు కిటుకు: వాటర్ పేపరుని (పెయింటర్లు రుద్దే సన్న గరుకు కాగితం) మిరియం గింజంత గుండ్రంగా కత్తిరించి, అగ్గిపుల్ల మొన మీద ఫెవిక్విక్‌తో అతికించండి. దాంతో గుంట లోపలే తిప్పుతూ తుప్పు మొత్తం పోయి ఇనుము మెరిసేదాకా రుద్దండి. వేలికి పేపరు చుట్టి రుద్దితే చుక్క పోయి మరక మిగులుతుంది, ఎందరికో జరిగింది. గుంటల్లో ఇంకా ఎర్రదనం మిగిలితే రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) ఒక్క చుక్క పెట్టి, డబ్బా మీద రాసినంతసేపు వదిలేయండి.

ఆ తర్వాత ప్రైమరు, ఇనుము కనపడే చోట మాత్రమే. అది ఆరాక మీ కారు కలర్ కోడ్ (ఆ రంగుకి కంపెనీ పెట్టిన గుర్తు) ప్రకారం కొన్న రంగు. కోడ్ డోరు పక్క స్తంభం మీదో, బానెట్ తెరిస్తే కనపడే ప్లేటు మీదో ఉంటుంది, 'తెలుపే కదా' అని ఏదో ఒక తెలుపు కొనకండి, ఎండలో నిలబెడితే పరువు పోతుంది. సీసాతో వచ్చే బ్రష్ చీపురులా ఉంటుంది, పక్కన పెట్టేయండి. టూత్‌పిక్ మొన మీద చుక్క తీసుకుని గుంట మధ్యలో ఆనించండి, పూయకండి, రంగు తనంతట తానే అంచుల దాకా పాకుతుంది. పలచగా రెండు మూడు సార్లు, మధ్యలో అరగంట. చివర క్లియర్ కోటు ఇంకో చుక్క. చుట్టూ ఉన్న పెయింటు కంటే రవ్వంత ఎత్తుగా ఉండాలి, ఎందుకంటే ఆరాక కుంగుతుంది. వారం దాకా పాలిష్ జోలికి పోవద్దు.

సిరామిక్ కోటింగ్ వేయించాను కదా అంటారు కొందరు. అది కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొర, కడగడం సులువవుతుంది, రాయిని మాత్రం ఆపలేదు. ఆపేది పీపీఎఫ్ ఫిల్మ్, అంటే పెయింటు మీద అంటించే పారదర్శక ప్లాస్టిక్ పొర, దాని మందమే 150 నుంచి 200 మైక్రాన్లు. బానెట్ ముందు భాగానికీ, సైడు అద్దాల వెనక్కీ వేయించుకున్నా చాలు. కానీ ముందు చుక్కలు పూడ్చి, రంగు పూర్తిగా గట్టిపడ్డాకే వేయించాలి. లెదర్ లాంటి బానెట్ తొడుగు మాత్రం కొనకండి, దాని కింద దుమ్మూ తడీ చేరి అదే గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఆ మాటకొస్తే కాణిపాకంలో బండికి పూజ చేయించి, వైరుతో కట్టిన దండని వాడిపోయేదాకా బానెట్ మీదే ఉంచేవాళ్లకీ ఇదే గతి. ఇంటికి రాగానే విప్పేయండి, స్వామి ఏమీ అనుకోడు.

వచ్చే పాఠంలోపు మూడు చుక్కలు పూడ్చి రండి, బానెట్ మూలన ఎవరూ చూడని చోట మొదలుపెట్టి. ఆ తర్వాత వీల్ ఆర్చ్‌ల (చక్రాల పైనుండే వంపులు) లోపలికి దూరదాం, అక్కడ బురద వేరే కథ నడిపిస్తుంటుంది.