గేట్లు ఎత్తారని సాగర్‌కు బయలుదేరే ముందు

ఆగస్టు వచ్చిందంటే మా ఇంట్లో ఫోన్ ఆగదు. "సాగర్ గేట్లు ఎత్తిన్రంట, ఆదివారం పోదామా?" అని సూర్యాపేట నుంచి మేనమామ, ఖమ్మం నుంచి చిన్నమ్మ వాళ్ళు. మాది మిర్యాలగూడ కాబట్టి అందరూ మా ఇంట్లో ఆగి, చాయ తాగి, హాలియా మీదుగా సాగర్‌కు పోతారు. వాళ్ళు బండెక్కేటప్పుడు నేను ప్రతిసారీ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. మొదటి మాట ఇది: నాకు డ్యామ్ దగ్గర అంత భయం లేదు. అక్కడ పోలీసులుంటారు, రెయిలింగ్ ఉంటుంది, పదిమంది కళ్ళుంటాయి. నా భయమంతా దారిలో, "రెండు నిమిషాలు ఆగి కాళ్ళు కడుక్కుందాం" అనుకునే చోట.

సాగర్ ఎడమ కాలువ గురించే చెబుతున్నాను. నల్గొండ నుంచి మిర్యాలగూడ వచ్చేవాళ్ళకు వేములపల్లి దగ్గర కనిపిస్తుంది. కట్ట మీద చెట్ల నీడ, పచ్చటి పొలాలు, పక్కనే నిండుగా నీళ్ళు. బండి ఆపాలనిపించడం సహజం. కానీ ఈ కాలువ హెడ్ రెగ్యులేటర్ (కాలువ మొదట్లోని గేట్లు) దగ్గర 11 వేల క్యూసెక్కుల, అంటే సెకనుకు మూడు లక్షల లీటర్లకు పైగా నీళ్ళు మోసేలా కట్టింది. నిండు కాలువ చప్పుడు చేయదు. పైన చూస్తే మెల్లగా పోతున్నట్టుంటుంది, లోపల మనిషిని నిలబడనివ్వదు. పైగా అంచులు వాలుగా ఉంటాయి, లైనింగ్ చేసి ఉంటాయి, నీళ్ళు తగిలే చోటంతా పాకుడు పట్టి ఉంటుంది. చెరువులో జారితే మట్టి దొరుకుతుంది, గడ్డి దొరుకుతుంది. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా గట్టు చేతికందే దూరంలో ఉండి పైకి ఎక్కలేకపోతారు.

మా చిన్నమ్మ కొడుకు అలాగే జారాడు. అప్పుడు వాడికి పదిహేడేళ్ళు. మురికైన చెప్పులు కడుక్కుంటానని దిగాడు, అంతే. ఈదడానికి దిగలేదు, సెల్ఫీకి దిగలేదు. ఒక్క అరుపు లేదు, మేం వెనక్కి తిరిగేసరికి తల ఒక్కటే కనిపించింది. కట్ట మీద గేదెలు మేపుతున్న ఒక పెద్దాయన పరుగెత్తుకొచ్చి, గేదె మెడలోని పగ్గం విప్పి విసిరాడు. దిగబోయిన మా బావను "నువ్వు దిగితే ఇద్దరిని తియ్యాలె, ఆగు" అని గట్టిగా గద్దించాడు. ఆ పగ్గమే వాడిని కాపాడింది. ఆ రోజు నుంచి మా బండి డిక్కీలో పదిహేను మీటర్ల నైలాన్ తాడు ఎప్పుడూ ఉంటుంది. మీరూ పెట్టుకోండి. పెద్ద ఖర్చేమీ కాదు.

తాడు లేకపోతే చీర, పంచె, రెండు తువ్వాలలు ముడివేసినా పనికొస్తాయి. ఐదు లీటర్ల ఖాళీ నీళ్ళ క్యాన్‌కు మూత బిగించి విసిరితే పట్టుకుని తేలడానికి ఆసరా అవుతుంది. విసిరేవాళ్ళు గట్టు మీద పడుకునో కూర్చునో విసరాలి, నిలబడితే తామే లాగబడతారు. పొరపాటున నీళ్ళలో పడినవాళ్ళు ప్రవాహానికి ఎదురీదకూడదు. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు ముందుకు పెట్టి, నీళ్ళతోపాటే పోవాలి. కాలువకు అక్కడక్కడ మెట్లు, పశువుల రేవులు ఉంటాయి, అక్కడ బయటపడొచ్చు. పిల్లలకు ఈ ఒక్క సంగతి ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి.

బయటికి తీసిన మనిషికి ఊపిరి ఆడకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టుకుని తిప్పడం చేయొద్దు. మన ఊళ్ళలో ఇప్పటికీ అదే చేస్తున్నారు, దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఒకరు 108కు ఫోన్ చేస్తుంటే ఇంకొకరు గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, ముందు ఐదుసార్లు నోటితో ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, రెండుసార్లు ఊదాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఇలాగే ఆపకుండా చేయాలి. తేరుకుని కూర్చున్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళు కొన్ని గంటల తర్వాత ఇబ్బంది పెట్టవచ్చు.

ఇక కృష్ణ సంగతి. "ఇక్కడ ఎండ కాస్తోంది కదా, వరదెక్కడిది" అని చాలామంది అనుకుంటారు. కృష్ణకు వచ్చే వరద మన వాన కాదు. మహారాష్ట్రలో, పడమటి కనుమల్లో పడిన వాన ఆలమట్టి, నారాయణపూర్ దాటి జూరాలకు వస్తుంది. జూరాల నుంచి శ్రీశైలం, శ్రీశైలం 885 అడుగులకు నిండితే సాగర్. మధ్యలో కర్నూలు వైపు నుంచి తుంగభద్ర కలుస్తుంది. అందుకని వెళ్ళే రోజు పొద్దున మన ఊరి ఆకాశం కాదు, పేపర్లో జూరాల, శ్రీశైలం ఇన్‌ఫ్లో (పైనుంచి వచ్చే నీళ్ళ లెక్క) చూడండి. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 28 లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు సెకనుకు ఐదు వందల అరవై పైనే ఒక్కసారి కుమ్మరించినట్టు. శ్రీశైలానికి ఆ లెక్కలో నీళ్ళొస్తున్నాయంటే సాగర్ దిగువన నది ఏ గంటకైనా మారుతుంది. 26 గేట్లలో నిన్న నాలుగే ఎత్తి ఉండొచ్చు, ఈరోజు పన్నెండు ఎత్తొచ్చు. సైరన్ విన్నాక పరుగెత్తుదామనుకోకండి. దిగువన రాళ్ళ మీదికి అసలు పోకండి, ఫొటో కోసమైనా.

నాగార్జునకొండ లాంచీ ఎక్కేవాళ్ళు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, శుక్రవారం ఆ ద్వీపంలోని మ్యూజియంకు సెలవు. ఈ సంగతి తెలియక అంతదూరం వచ్చి ఉసూరుమంటూ తిరిగిపోయిన వాళ్ళను చాలామందిని చూశాను. రెండు, లైఫ్ జాకెట్. భుజానికి తగిలించుకుంటే సరిపోదు, బకిళ్ళన్నీ పెట్టి బిగించాలి. పిల్లలకు పిల్లల సైజుదే అడగండి, పెద్దవాళ్ళది వేస్తే నీళ్ళలో పడ్డాక తల మీది నుంచి ఊడిపోతుంది. సైజు లేదంటే ఎక్కకండి, ఆ మాట అనడానికి మొహమాటపడొద్దు. గాలి ఎక్కువై లాంచీ ఆపేశారంటే సిబ్బందితో గొడవపడకండి. ఆ రోజు ఒడ్డునే బుద్ధవనం పార్కు ఉంది, పిల్లలతో నింపాదిగా నడవొచ్చు. సోమశిలలో పడవ ఎక్కేవాళ్ళకూ ఇవే జాగ్రత్తలు. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు చేరకూడదు.

మహబూబ్‌నగర్ వైపు వెళ్తే పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు ఉంది. (సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి అనే ఊరుంది, అక్కడివి కాకతీయుల గుళ్ళు. ఫోన్‌లో దారి పెట్టేటప్పుడు ఏది పెట్టారో చూసుకోండి.) ఆ మర్రికి సుమారు 700 ఏళ్ళంటారు. 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగిపడింది, తర్వాత చెదల మందును సెలైన్ బాటిళ్ళతో ఎక్కించి చెట్టును బతికించుకున్నారు. ఊడలు పట్టుకుని ఊగడం ఆ చెట్టుకు మంచిది కాదు, వానాకాలంలో మనకూ మంచిది కాదు. తడిసిన కొమ్మ బరువెక్కుతుంది. గాలి మొదలైతే పక్కనున్న మ్యూజియంలోకి వెళ్ళండి.

నల్లమల ఎక్కేవాళ్ళకు టైమే అసలు జాగ్రత్త. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లు వదలరు. మల్లెలతీర్థం జలపాతం చూసి చీకటి పడ్డాక హడావిడిగా అడవి దాటడం కంటే, మధ్యాహ్నం మూడింటికల్లా పైకి ఎక్కేయడం నయం. అక్కడ మూడు వందలకు పైగా మెట్లుంటాయి. దిగడం తేలిక, తడిసిన మెట్లు ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కష్టం. జలపాతం కింద గుండంలో నీళ్ళు ఎర్రగా మారినా, ఆకులు కొట్టుకొస్తున్నా వెంటనే బయటికి రండి, పైన ఎక్కడో వాన దంచుతోందని అర్థం. వానాకాలంలో సఫారీ ఆపేస్తారు, మల్లెలతీర్థానికి వదులుతున్నారో లేదో ముందే అడిగి వెళ్ళండి. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి మన్ననూరులోనే ఇంటికి ఫోన్ చేసి, ఎన్నింటికి కిందికి దిగుతారో చెప్పి ఎక్కండి.

భువనగిరి కోట ఒకటే బండ. వాన పడుతుంటే ఎక్కొద్దు. మెరుపు కనిపించాక 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు దగ్గర్లోనే ఉన్నట్టు. ఆ బండ మీద అందరికంటే ఎత్తుగా ఉండేది మీరే. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి కదలండి.

తిరుగు ప్రయాణంలో చెరువు అలుగు పోస్తూ రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే ఆగండి. అడుగు లోతు నీళ్ళకే చిన్న కారు తేలుతుంది. ముందు పోయిన ట్రాక్టర్‌ను చూసి మీరు పోకండి, దాని బరువు వేరు, చక్రాలు వేరు. గంటో రెండు గంటలో ఆలస్యమైతే అవుతుంది. నల్గొండ దగ్గర్లో ఉంటే పానగల్‌లో ఛాయా సోమేశ్వర స్వామి దగ్గర కూర్చోండి. స్తంభాల నీడ గర్భగుడిలో శివలింగం వెనక ఎలా పడుతోందో పిల్లల్ని కనిపెట్టమనండి, గంట ఇట్టే గడిచిపోతుంది. ఈలోపు నీళ్ళు తగ్గాయో లేదో దారిలోని ఊళ్ళో ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కోండి.