కిర్గిజ్‌స్తాన్‌లో గుంపుగా గుర్రాలెక్కాలంటే ఏమేం తేల్చుకోవాలి?

మన హనుమకొండ, కాజీపేట వైపు పిల్లలు కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతుంటే, వాళ్ళని చూడడానికి పోయేవాళ్ళు బావలు, వదినలు, పిల్లలతో గుంపుగా వెళ్ళి, పనిలో పనిగా సోంగ్ కోల్ సరస్సు దాకా గుర్రాల మీద వెళ్దామనుకుంటారు. మంచి ఆలోచనే. ముందు తేదీలు చూసుకోండి. ఆ సరస్సు 3,016 మీటర్ల ఎత్తులో ఉంది. పశువుల కాపరులు జూన్‌లో పైకొచ్చి గుడారాలు వేసుకుని సెప్టెంబర్‌లో దిగిపోతారు కాబట్టి బతుకమ్మ సెలవులకు వెళ్తే అక్కడ ఎవరూ ఉండరు, మే సెలవులకైతే ఇంకా మంచు. జులై, ఆగస్టుల్లో పిల్లలకు బడి మాన్పించక తప్పదు.

రెండోది, అసలు గొడవంతా ఇక్కడే: గుంపులో అందరికన్నా భయపడే మనిషి ఎవరో ఇంట్లో కూర్చున్నప్పుడే తేల్చండి. ప్లాన్ మొత్తం ఆ మనిషిని బట్టే వేయాలి, ఎందుకంటే ముందున్న నాలుగు గుర్రాలు ఉరికితే వెనకున్నదీ ఉరుకుతుంది, దాని మీదున్న వదినకు ఇష్టముందా లేదా అన్నది అది అడగదు. అందుకే గైడ్‌కు మొదటే చెప్పండి, అందరూ నడకే, ఉరికించాలని సరదా ఉన్న కుర్రాళ్ళు సాయంత్రం సరస్సు ఒడ్డున విడిగా పోతారు అని. బిష్కెక్‌లో చదివే పిల్లలకు కాస్తోకూస్తో రష్యన్ వస్తుంది, వాళ్ళలో ఒకరిని వెంట తీసుకెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను బలవంతపెట్టకండి. కొచ్కోర్ ఊరి నుంచి సరస్సుకు కారు దారి ఉంది, వాళ్ళు కారులో వచ్చి గుడారంలో కలుస్తారు.

బరువు అడిగితే నిజం చెప్పండి. సిగ్గుపడి పది కిలోలు తగ్గించి చెబితే ఆ కొండలెక్కేది మీరు కాదు, గుర్రం. ఎవరికి ఏ గుర్రం అన్నది గైడ్‌కే వదిలేయండి, తెల్లగా ఉంది ఫొటో బాగొస్తుందని మార్పించుకోవద్దు.

రోజుకు నాలుగైదు గంటలు జీను మీదే ఉండాలి, అలవాటు లేని తొడలు ఒప్పుకోవు. కనీసం నెల ముందు నుంచి పద్మాక్షి గుట్ట మెట్లెక్కండి, రోజూ గుంజీళ్ళు తీయండి, వీలైతే హైదరాబాద్‌లో ఏదైనా రైడింగ్ స్కూల్‌లో రెండు క్లాసులు. జీన్స్ వద్దు, లోపలి కుట్లు ఒరుసుకుని చర్మం లేచిపోతుంది. మెత్తటి ట్రాక్ ప్యాంటు, కొంచెం మడమ ఉన్న బూట్లు వేసుకోండి. చున్నీ వదిలేయండి. హెల్మెట్ అన్నిచోట్లా ఇవ్వరు, ముందే అడగండి.

గుర్రాన్ని వెనక నుంచి సమీపించకూడదు, ఎడమవైపు నుంచి ఎక్కాలి. రికాబులో (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే కడియంలో) పాదం ముందు భాగమే పెట్టి మడమ కిందికి దించాలి, పాదం మొత్తం దూర్చేస్తే పడినప్పుడు ఇరుక్కుంటుంది, అప్పుడు ఈడ్చుకుపోతుంది. రికాబు పొడవు చూసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది: వేలి కొసలు జీనుకు ఆనించి చెయ్యి చాపితే రికాబు చంకకు తగలాలి. బయల్దేరిన పది పదిహేను నిమిషాలకు గుర్రం పొట్టకింద పట్టీ వదులైందేమో గైడ్‌ని మళ్ళీ చూడమనండి. గుర్రం కొండ ఎక్కేటప్పుడు కొంచెం ముందుకు, కొండ దిగేటప్పుడు వెనక్కి ఒరగాలి. ముందున్న గుర్రానికి ఒక గుర్రమంత దూరం ఉంచండి, అది చెవులు వెనక్కి అణిచిందంటే తన్నబోతోందని అర్థం. మీ గుర్రం కదలకపోతే ‘చూ’ అనండి. మాటిమాటికీ గడ్డికి వంగుతుంది, పగ్గం కొంచెం దగ్గరగా పట్టుకోండి.

ఇది మాత్రం మరిచిపోవద్దు, గుర్రం మీద కూర్చుని రెయిన్‌కోటు తొడుక్కోకండి. ఆ ప్లాస్టిక్ చప్పుడుకే బెదురుతుంది. దిగి, దూరంగా జరిగి వేసుకోండి. సెల్ఫీ స్టిక్కులకూ ఇదే మాట.

బిష్కెక్ నుంచి ఒక్కసారిగా పైకి పోకండి. కొచ్కోర్ 1,800 మీటర్ల ఎత్తు, అక్కడ ఒక రాత్రి పడుకుంటే పైన తలనొప్పి తక్కువ ఉంటుంది. తలనొప్పితో పాటు వాంతులు, తూలడం మొదలైతే కిందికి దించేయాల్సిందే. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందే డాక్టర్‌ని అడగాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలో గుర్రపు స్వారీ ఉందా, ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది అని చదవండి, చాలా పాలసీలు వీటిని మినహాయిస్తాయి. రాత్రుళ్ళు జులైలోనూ వణుకు పుడుతుంది, స్వెటర్లు తప్పనిసరి.

తిండి ఎక్కువగా మాంసం, రొట్టె, పాల పదార్థాలు. శాకాహారులు ముందే చెప్పినా దొరికేది ఆలుగడ్డే. సకినాలు జీను సంచిలో పిండి పిండి అవుతాయి కాబట్టి పుట్నాల పొడి, మామిడి తొక్కు గట్టి డబ్బాలో పెట్టుకోండి. గుర్రం పాలు పులియబెట్టిన కుమిస్ ఇస్తారు, మర్యాదకు ఒక గుక్క చాలు, కడుపు అలవాటు పడనిదే గ్లాసు నిండా తాగొద్దు.

గుర్రం దిగిన మర్నాడు మెట్లు దిగడం కూడా కష్టమే, ఆ రోజు తిరుగు ఫ్లైట్ పెట్టుకోకుండా బిష్కెక్‌లో ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.