స్టోర్డ్ ఫంక్షన్‌లో ఎక్సెప్షన్లు ఎలా పట్టుకోవాలి?

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి అరకు బస్సుకు సీటు బుక్ చేసే ఫంక్షన్ అనుకుందాం. స్టోర్డ్ ఫంక్షన్ అంటే డేటాబేస్‌లోనే ఉండి నడిచే కోడ్, ఎక్సెప్షన్ అంటే అది నడుస్తుండగా వచ్చే ఎర్రర్. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. బుకింగ్స్ టేబుల్లో ట్రిప్, తేదీ, సీటు మూడింటికీ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే కలయికను రెండోసారి రానివ్వని నియమం) పెట్టండి. ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు.

1. ముందు ఎక్సెప్షన్ పట్టుకునే భాగం లేకుండానే ఫంక్షన్ రాయండి. ఒకే సీటు రెండుసార్లు అడిగి, వచ్చే కోడ్ చూడండి: 23505, అంటే యూనిక్ వయొలేషన్.

2. టేబుల్లో వరుస చేర్చే ఇన్సర్ట్ ఒక్కదాని చుట్టూ లోపలి బిగిన్-ఎండ్ బ్లాక్ కట్టండి. ఫంక్షన్ మొత్తాన్ని చుట్టొద్దు. ఎక్సెప్షన్ ఉన్న బ్లాక్‌లోకి వెళ్లిన ప్రతిసారీ ఒక సబ్‌ట్రాన్సాక్షన్ (విడిగా రద్దు చేయగల లోపలి ట్రాన్సాక్షన్) మొదలవుతుంది. లూపులో పెడితే ఆ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

3. ఇక పట్టుకోవడం. చెడిపోయేదంతా ఇక్కడే. ‘వెన్ అదర్స్ దెన్ నల్’ అని రాసి చేతులు దులుపుకుంటే కాలమ్ పేరు తప్పినా, డెడ్‌లాక్ (రెండు ట్రాన్సాక్షన్లు ఒకదానికోసం ఒకటి ఆగిపోవడం) వచ్చినా చడీచప్పుడు లేకుండా మింగేస్తుంది. ప్రయాణికుడి డబ్బు పోతుంది, సీటు రాదు, లాగ్‌లో ఒక్క ముక్కా ఉండదు. అదర్స్ అసలు వాడకండి. ‘వెన్ యూనిక్ వయొలేషన్’ అనే రాయండి.

టికెట్ నంబరు కూడా యూనిక్ అయితే అదీ చాలదు. పట్టుకున్న ఎర్రర్ వివరాలిచ్చే గెట్ స్టాక్డ్ డయాగ్నోస్టిక్స్‌తో కన్‌స్ట్రెయింట్ పేరు తీసి, అది సీటుదైతేనే ‘సీటు నిండింది’ అనండి. కాకపోతే ఒట్టి ‘రైజ్’ చాలు, అసలు ఎర్రరే పైకి పోతుంది. కొందరు అక్కడ రైజ్ ఎక్సెప్షన్‌తో సొంత సందేశం పెడతారు. కోడ్ పీ0001 అయిపోయి అసలు కారణం మరుగున పడుతుంది.

ఎర్రర్ రాగానే ఆ బ్లాక్‌లో టేబుళ్లకు చేసిన మార్పులు రద్దవుతాయి, వేరియబుల్స్ మాత్రం మారినట్టే ఉండిపోతాయి. వేరియబుల్‌లో ఉంచిన మిగిలిన సీట్ల లెక్కను ఇన్సర్ట్‌కు ముందే తగ్గించారా, అమ్ముడుకాని సీటు కూడా లెక్కలోంచి పోతుంది. అందుకే ఆ తగ్గింపు ఇన్సర్ట్ తర్వాతే.

హ్యాండ్లర్‌లో (ఎర్రర్‌ను పట్టుకున్న భాగంలో) లాగ్ టేబుల్‌కి రాసి, ఆ వెంటనే రైజ్ చేస్తే ఆ వరుసా పోతుంది. ఒరాకిల్ డేటాబేస్ నుంచి వచ్చినవాళ్లు, అసలు ట్రాన్సాక్షన్ రద్దయినా రాసింది నిలిపే ఆటానమస్ ట్రాన్సాక్షన్ ప్రాగ్మా వెతుకుతారు. ఇక్కడ అది లేదు. రైజ్ వార్నింగ్ వాడితే సర్వర్ లాగ్‌లో నిలుస్తుంది.

4. రెండు పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్) విండోల్లో బిగిన్ కొట్టి ఒకే సీటు అడగండి. మొదటిది కమిట్ అయ్యేదాకా రెండోది ఆగాలి, ఆపైనే ‘సీటు నిండింది’ రావాలి.

సీటు దొరికిందా లేదా అన్నదే కావాలంటే ఇన్సర్ట్‌కి పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఉన్న ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ పెట్టి, వరుస చేరిందో లేదో చెప్పే ఫౌండ్ వేరియబుల్ చూస్తే సరి. ఎక్సెప్షనే అక్కర్లేదు.